విదేశీ జైల్లో మనవాళ్లు చిక్కుకుంటే ఏం చేయాలి? ఎంబసీ చేతిలో ఏముంది? పాతబస్తీ గల్ఫ్ కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన హక్కులు ఇవే

ముఖ్యాంశాలు

* విదేశాల్లో అరెస్టయిన ప్రతి ఒక్కరికీ తమ దేశ ఎంబసీతో మాట్లాడే హక్కు ఉంది. కానీ చాలాచోట్ల అడిగితేనే దొరుకుతుంది
* విదేశీ జైళ్లలో 10 వేల మందికి పైగా భారతీయులు.. సగం మంది సౌదీ, యూఏఈలోనే
* ‘దియా’ కట్టినంత మాత్రాన వెంటనే విడుదల కాదు.. సిరిసిల్ల కేసు చెప్పే పాఠం ఇదే
* శిక్షలో మిగిలిన కాలాన్ని ఇండియా జైల్లో గడిపే అవకాశం ఉంది.. షరతులేంటి?
* ఏజెంట్‌కు డబ్బు ఇవ్వడానికి ముందే కుటుంబం చేయాల్సిన పనులు

బార్కస్, చాంద్రాయణగుట్ట, తలాబ్‌కట్ట, యాకుత్‌పురా.. పాతబస్తీలో ఏ గల్లీకి వెళ్లినా గల్ఫ్‌లో ఒకరైనా లేని ఇల్లు దొరకడం కష్టం. హౌస్ డ్రైవర్, ఏసీ మెకానిక్, సేల్స్‌మన్, ఇంటిపని.. చేసే పని ఏదైనా నెలాఖరుకు వచ్చే డబ్బు మీదే ఇక్కడ ఇల్లు గడుస్తుంది. రోజూ వచ్చే ఫోన్ ఒక్కసారిగా ఆగిపోతే? నాలుగు రోజుల తర్వాత రూమ్‌మేట్ ఫోన్ చేసి ‘పోలీసులు తీసుకెళ్లారు’ అని చెబితే?

అక్కడి నుంచే అసలు కష్టం మొదలవుతుంది. ఏ జైల్లో ఉన్నాడో తెలియదు. ఏ కేసో తెలియదు. కాగితాలన్నీ అరబిక్‌లో ఉంటాయి. ఈలోగా ‘నాకు అక్కడ మనిషి ఉన్నాడు, రెండు లక్షలిస్తే బయటికి తెస్తా’ అంటూ ఎవరో ఒకరు దిగుతారు. అసలు ఇలాంటి సమయంలో అరెస్టయిన వ్యక్తికి ఏ హక్కులున్నాయి? ఎంబసీ ఏం చేయగలదు, ఏం చేయలేదు? ఇక్కడున్న కుటుంబం ఏం చేయాలి? పూర్తి వివరాలు చూద్దాం.

విదేశీ జైళ్లలో ఎంతమంది ఉన్నారు?

2025 మార్చిలో విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో ఉన్న భారతీయుల సంఖ్య 10,152. ఇందులో శిక్ష పడినవాళ్లు, విచారణలో ఉన్నవాళ్లు ఇద్దరూ ఉన్నారు. సౌదీ అరేబియాలో 2,600కు పైగా, యూఏఈలో 2,500కు పైగా ఉన్నారు. నేపాల్, ఖతర్, కువైట్ వీటి తర్వాత వస్తాయి. మరణశిక్ష పడి, ఇంకా అమలు కానివాళ్లు 49 మంది. వాళ్లలో 25 మంది యూఏఈలో, 11 మంది సౌదీలో ఉన్నారని కూడా కేంద్రం తెలిపింది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. చాలా దేశాల్లో ప్రైవసీ చట్టాలు గట్టిగా ఉంటాయి. ఖైదీ ఒప్పుకుంటే తప్ప అతని వివరాలు అక్కడి అధికారులు మన ఎంబసీకి ఇవ్వరు. అంటే జైల్లో ఉన్న మనిషి నోరు తెరిచి అడగకపోతే, అతను ఆ జైల్లో ఉన్నట్టు మన ప్రభుత్వానికే తెలియకపోవచ్చు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

ఎక్కువగా ఏ కేసుల్లో చిక్కుకుంటున్నారు?

గల్ఫ్ జైలు అనగానే హత్య, డ్రగ్స్ లాంటి పెద్ద కేసులే గుర్తొస్తాయి. కానీ మామూలు కార్మికుడిని లోపలికి తీసుకెళ్లే కారణాలు చాలాసార్లు చిన్నవే.

మొదటిది హురూబ్. పనివాడు పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేస్తే సౌదీలో ‘హురూబ్’ నమోదవుతుంది. అకామా చెల్లదు. ఆ తర్వాత ఎక్కడ దొరికినా అరెస్టే. జీతం అడిగినందుకు కోపంతో కఫీల్ హురూబ్ పెట్టాడనే ఫిర్యాదులు కొత్తేమీ కాదు. 2021 మార్చిలో సౌదీ లేబర్ సంస్కరణలు తెచ్చింది. కఫీల్ అనుమతి లేకుండానే దేశం విడిచి వెళ్లే వెసులుబాటు చాలామందికి వచ్చింది. కానీ హౌస్ డ్రైవర్లు, ఇంటిపనివాళ్లను ఆ సంస్కరణల నుంచి పక్కన పెట్టారు. పాతబస్తీ నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పనులు ఇవే కదా!

రెండోది ఖల్లివెల్లి. కంపెనీ వదిలి బయట పని చేసుకునేవాళ్లను మనవాళ్లు ఇలా పిలుస్తారు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే పనిలో కుదిరిపోయినా చట్టం దృష్టిలో నేరమే.

మూడోది చెక్కులు, అప్పులు. యూఏఈలో చెక్ బౌన్స్ అయితే ఒకప్పుడు నేరుగా జైలే. 2022 జనవరి 2 నుంచి చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్ బౌన్స్ అయితే చాలావరకు సివిల్ వ్యవహారంగా చూస్తున్నారు. కానీ కావాలని ఖాతా మూసేయడం, మోసంతో చెక్ ఇవ్వడం లాంటివి ఇప్పటికీ నేరమే. అప్పు తీరేదాకా ట్రావెల్ బ్యాన్ పడే ప్రమాదం కూడా ఉంది.

నాలుగోది పార్శిల్, మందులు, మసాలాలు. ఇది వింటే ఆశ్చర్యపోతారు. మన వంటింట్లో ఉండే గసగసాలు యూఏఈ, సౌదీలో నిషేధం. మసాలా పొడిలో కలిపినా చిక్కే. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకు డాక్టర్ చీటీతో పాటు ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ‘మా తమ్ముడికి ఇవ్వు’ అని ఎయిర్‌పోర్టులో ఎవరో చేతిలో పెట్టిన పార్శిల్‌లో ఏమున్నా, పట్టుబడేది మోసుకెళ్లినవాడే. సౌదీలో డ్రగ్స్ స్మగ్లింగ్‌కు మరణశిక్ష దాకా ఉంది.

జైలు వేరు.. తర్హీల్ వేరు

కుటుంబాలు ఎక్కువగా గందరగోళపడేది ఇక్కడే. తర్హీల్ అంటే డిపోర్టేషన్ సెంటర్. వీసా, అకామా ఉల్లంఘనలకు పట్టుకున్నవాళ్లను స్వదేశానికి పంపేదాకా అక్కడ ఉంచుతారు. జెడ్డా దగ్గరి షుమైసీ ఇలాంటిదే. అక్కడున్న మనిషికి చాలావరకు కావాల్సింది పాస్‌పోర్టు లేదా ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్, విమానం టికెట్. క్రిమినల్ కేసు, అప్పు కేసు లేకపోతే లాయర్ పేరుతో లక్షలు ఖర్చు చేయాల్సిన పని సాధారణంగా ఉండదు.

జైలు అలా కాదు. కేసు, విచారణ, తీర్పు, అప్పీల్.. అన్నీ ఉంటాయి. అక్కడ లాయర్ తప్పనిసరి. అందుకే ఫోన్ రాగానే మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఎప్పుడు వస్తావు?’ కాదు. ‘ఎక్కడున్నావు.. జైల్లోనా, తర్హీల్‌లోనా? కేసు నంబర్ ఏంటి?’ అని అడగాలి.

కాన్సులర్ యాక్సెస్ అంటే ఏంటి?

టీవీల్లో తరచూ వినే మాట ఇది. 1963లో కుదిరిన వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందంలోని 36వ ఆర్టికల్ ఈ హక్కు ఇస్తుంది. అందులో ఉన్నది సింపుల్‌గా చెప్పాలంటే..

* విదేశీయుడిని అరెస్ట్ చేస్తే, ‘మీ ఎంబసీకి చెప్పించుకునే హక్కు నీకుంది’ అని పోలీసులు ఆలస్యం లేకుండా అతనికి చెప్పాలి
* అతను కోరితే ఎంబసీకి లేదా కాన్సులేట్‌కు వెంటనే సమాచారం ఇవ్వాలి
* అతను రాసే లేఖలను ఎంబసీకి చేరవేయాలి
* ఎంబసీ అధికారులు జైలుకు వెళ్లి కలవొచ్చు, మాట్లాడొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు
* వద్దని ఖైదీయే స్పష్టంగా చెబితే అధికారులు జోక్యం చేసుకోకూడదు

ఇండియాతో పాటు సౌదీ, యూఏఈ, కువైట్ కూడా ఈ ఒప్పందంలో ఉన్నాయి. ఇది ఉత్త కాగితం మీది హక్కు కాదని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది కూడా. పాకిస్థాన్‌లో అరెస్టయిన కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జులై 17న ఐసీజే తీర్పు ఇచ్చింది. జాదవ్‌కు హక్కు గురించి చెప్పలేదు, భారత్‌కు ఆలస్యం లేకుండా సమాచారం ఇవ్వలేదు, కాన్సులర్ యాక్సెస్ ఇవ్వలేదు.. అంటూ పాకిస్థాన్‌ను 15-1 మెజారిటీతో తప్పుబట్టింది. శిక్షను సమీక్షించాలని ఆదేశించింది. అయితే విడుదల చేయమని మాత్రం చెప్పలేదు. ఈ హక్కు బలం, హద్దు రెండూ ఆ ఒక్క తీర్పులో కనిపిస్తాయి.

తెలుగువాళ్లకు బాగా గుర్తుండే మరో ఉదాహరణ అమెరికాది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే మిషిగన్‌లో నకిలీ యూనివర్సిటీ నడిపి, 2019 జనవరి చివర్లో 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. వాళ్లలో 129 మంది భారతీయులే, అందులోనూ తెలుగు విద్యార్థులు ఎక్కువ. అప్పుడు భారత ప్రభుత్వం అమెరికా ఎంబసీకి నిరసన తెలిపి, విద్యార్థులను కలిసేందుకు వెంటనే కాన్సులర్ యాక్సెస్ కావాలని కోరింది. ఇమిగ్రేషన్ కేసుల్లో అమెరికా ప్రభుత్వం ఉచిత లాయర్‌ను ఇవ్వదు. అందుకే అక్కడ ఎంబసీ, తెలుగు సంఘాలే దిక్కయ్యాయి.

జైల్లో ఎలా చూడాలి? ‘మండేలా రూల్స్’ ఏం చెబుతున్నాయి?

27 ఏళ్లు జైల్లో గడిపిన నెల్సన్ మండేలా పేరుతో ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబర్‌లో ఖైదీల విషయంలో కనీస ప్రమాణాలను ఆమోదించింది. మొత్తం 122 నిబంధనలు. 1955 నుంచి ఉన్న పాత నిబంధనలకే ఇది కొత్త రూపం. వాటిలో ముఖ్యమైనవి:

* బయటి జనానికి ఏ స్థాయి వైద్యం ఉందో ఖైదీకీ అదే స్థాయి వైద్యం అందాలి
* రోజుకు 22 గంటలు లేదా అంతకు మించి ఒంటరిగా ఉంచడం ఏకాంత నిర్బంధం. వరుసగా 15 రోజులు దాటి అలా ఉంచకూడదు
* జైలు రూల్స్, తన హక్కులు ఖైదీకి అర్థమయ్యే భాషలో చెప్పాలి
* విదేశీ ఖైదీలకు తమ దేశ ప్రతినిధులతో మాట్లాడేందుకు తగిన సౌకర్యం కల్పించాలి

ఇవి ప్రమాణాలే తప్ప సంతకాలు చేసిన ఒప్పందం కాదు. పాటించకపోతే శిక్ష వేసే కోర్టు లేదు. కానీ ఎంబసీ అధికారి జైలుకు వెళ్లినప్పుడు ‘మందులు ఇవ్వడం లేదు’, ‘దుబాసీ లేడు’ అని అడగడానికి ఇదే ఆధారం.

ఇక్కడ ఇంకో సంగతి. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంలో సౌదీ, యూఏఈ ఎప్పుడో చేరాయి. ఇండియా 1997లో సంతకం చేసింది కానీ ఇప్పటిదాకా ఆమోదించలేదు. మరోవైపు నిష్పాక్షిక విచారణ, ఉచిత దుబాసీ లాంటి హక్కులు ఇచ్చే పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో ఇండియా ఉంది, సౌదీ, యూఏఈ లేవు. అంటే ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి. మధ్యలో నలిగేది ఖైదీ.

ఎంబసీ ఏం చేస్తుంది? ఏం చేయదు?

చాలామంది కోపం ఎంబసీ మీదే. కొన్నిసార్లు ఆ కోపంలో న్యాయం ఉంటుంది. కొన్నిసార్లు ఎంబసీ చేతిలో లేనిదాన్ని ఆశించడం వల్ల వస్తుంది.

చేయగలిగినవి: జైలుకు వెళ్లి కలవడం, కేసు వివరాలు తెలుసుకోవడం, కుటుంబానికి సమాచారం ఇవ్వడం, లాయర్ల జాబితా ఇవ్వడం, అవసరమైన కేసుల్లో న్యాయ సహాయం, ఔట్‌పాస్, క్షమాభిక్ష కోసం సిఫార్సు. 2009లో మొదలైన ‘ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్’ నుంచి పేద కార్మికులకు న్యాయ సహాయం, చిన్న జరిమానాలు, టికెట్ ఖర్చులు ఇచ్చే వీలుంది. ఈ ఫండ్ గురించి తెలియక అప్పు చేసి టికెట్ కొనేవాళ్లు ఎందరో.

చేయలేనివి: అక్కడి కోర్టు తీర్పును మార్చడం, పోలీసు దర్యాప్తును ఆపడం, ప్రైవేటు అప్పులు తీర్చడం. ‘ఎంబసీలో మాట్లాడి రేపే విడిపిస్తా’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆ అధికారం ఎంబసీకే లేదు, మధ్యవర్తికి ఎక్కడిది?

శిక్ష ఇండియాలో అనుభవించొచ్చా?

అవును. ఇందుకోసం ‘ఖైదీల స్వదేశానికి బదిలీ చట్టం–2003’ ఉంది. దాని కింద చాలా దేశాలతో ఇండియా ఒప్పందాలు చేసుకుంది. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, బహ్రెయిన్, ఇరాన్ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రధాన షరతులు ఇవీ:

* తీర్పు ఫైనల్ అయి ఉండాలి, అప్పీల్ పెండింగ్‌లో ఉండకూడదు
* మరణశిక్ష పడి ఉండకూడదు
* సాధారణంగా కనీసం ఆరు నెలల శిక్ష మిగిలి ఉండాలి
* అదే పని ఇండియా చట్టంలోనూ నేరం అయి ఉండాలి
* ఖైదీ ఒప్పుకోవాలి, రెండు దేశాలూ ఒప్పుకోవాలి

భాష తెలిసిన జైలు, ములాఖత్‌కు వచ్చే అమ్మానాన్న, భార్యాపిల్లలు.. ఇవి చిన్న విషయాలు కావు. అయినా గల్ఫ్‌లో చాలామంది ఖైదీలు ఈ దారి వైపు మొగ్గడం లేదు. కారణం ఉంది. రంజాన్, జాతీయ దినోత్సవాల సమయంలో అక్కడి పాలకులు క్షమాభిక్ష ప్రకటిస్తారు. ఆ జాబితాలో పేరు వస్తుందేమో అన్న ఆశ. చిన్న శిక్ష అయితే ఆ లెక్క సరిపోవచ్చు. 15, 20 ఏళ్ల శిక్ష పడినవాళ్లు మాత్రం ఎంబసీతో, లాయర్‌తో మాట్లాడి తేల్చుకోవడం మంచిది.

దియా కడితే విడుదలేనా? సిరిసిల్ల కేసు ఏం చెబుతోంది?

షరియా చట్టం అమలయ్యే దేశాల్లో హత్య కేసుల్లో ‘దియా’ అనే పద్ధతి ఉంది. చనిపోయిన వ్యక్తి వారసులు పరిహారం తీసుకుని లేదా తీసుకోకుండానే క్షమించొచ్చు. డబ్బు కడితే మనిషి ఇంటికి వచ్చేస్తాడని మన దగ్గర గట్టి నమ్మకం. నిజం అంత తేలిక కాదు.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన ఐదుగురు కార్మికులు 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో జైలు పాలయ్యారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబాన్ని కలిశారు. 15 లక్షల రూపాయల పరిహారం అందించి, క్షమాపణ పత్రం తీసుకున్నారు. అయినా జైలు తలుపులు తెరుచుకోలేదు. పత్రాలు అందాక కూడా ఏళ్లు గడిచాయి. 2023లో దుబాయ్ వెళ్లినప్పుడూ కేటీఆర్ ఈ కేసును ప్రస్తావించారు. చివరికి 2024 ఫిబ్రవరిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లు కన్నవాళ్లను, పిల్లలను చూసుకున్నది సుమారు 18 ఏళ్ల తర్వాత. వెళ్లేటప్పుడు చంకలో ఉన్న పిల్లలు పెళ్లీడుకొచ్చారు.

ఎందుకిలా? ఇలాంటి కేసుల్లో రెండు హక్కులుంటాయి. ఒకటి బాధిత కుటుంబానిది, రెండోది ప్రభుత్వానిది. కుటుంబం క్షమిస్తే మొదటిది తీరుతుంది. మరణశిక్ష తప్పొచ్చు. కానీ ప్రభుత్వ హక్కు కింద జైలు శిక్ష కొనసాగించే అధికారం కోర్టుకు ఉంటుంది. సౌదీలో మరణశిక్ష పడిన కోజికోడ్ వ్యక్తి విషయంలోనూ ఇదే జరిగింది. 2024లో మలయాళీలు చందాలు వేసుకుని 34 కోట్ల రూపాయలు పోగు చేశారు. మరణశిక్ష రద్దయింది. కానీ ప్రభుత్వ హక్కు కింద 2025లో కోర్టు 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అప్పటికే గడిపిన కాలాన్ని అందులో లెక్కేశారు.

అందుకే దియా కోసం చందాలు మొదలుపెట్టే ముందు లాయర్‌ను ఒకటే అడగండి. ‘కుటుంబం క్షమించాక ప్రభుత్వ హక్కు కింద ఇంకా ఎంత శిక్ష మిగులుతుంది?’ డబ్బు కూడా ఏజెంట్ చేతికి కాదు, కోర్టు లేదా ఎంబసీ చెప్పిన దారిలోనే వెళ్లాలి.

పాకిస్థాన్ జైలు నుంచి ఎలా వచ్చారు?

పాకిస్థాన్‌తో సంబంధాలు ఎంత చెడ్డా ఒక పని మాత్రం ఆగడం లేదు. 2008లో కుదిరిన కాన్సులర్ యాక్సెస్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అరెస్టయిన మూడు నెలల్లోగా కాన్సులర్ యాక్సెస్ ఇవ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత తేలాక నెల రోజుల్లో పంపేయాలి. జాతీయత తేలడం అంటే.. ‘ఇతను మావాడే’ అని ఇక్కడి పోలీసులు ఊరికి వచ్చి విచారించి రిపోర్టు ఇవ్వడం. చాలాసార్లు ఆలస్యం అక్కడే.

2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ ఘటనే. హైదరాబాద్‌కు చెందిన ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ 2017లో ఇల్లు వదిలి వెళ్లి, 2019లో పాకిస్థాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర పట్టుబడ్డాడు. 2021 మే 31న అతన్ని పాక్ అధికారులు వాఘా దగ్గర అప్పగించారు. ఈ రెండు కేసుల్లోనూ కుటుంబాలు అధికారుల చుట్టూ తిరగడం మానలేదు.

మన చంచల్‌గూడలో ఉన్న విదేశీయుల మాటేంటి?

ఇదే హక్కు రెండో వైపు నుంచి కూడా చూడాలి. పాతబస్తీలోనే నిజాం కాలం నాటి చంచల్‌గూడ జైలు ఉంది. హైదరాబాద్‌లో కేసుల్లో అరెస్టయిన విదేశీయులకూ మన చట్టం రక్షణ ఇస్తుంది. రాజ్యాంగంలోని 21వ ఆర్టికల్ ప్రాణానికి, స్వేచ్ఛకు ఇచ్చే రక్షణ ‘పౌరుడికి’ అని కాదు, ‘ఏ వ్యక్తికైనా’ వర్తిస్తుంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఉచిత లాయర్ దొరుకుతాడు.

2017 సెప్టెంబర్‌లో పాతబస్తీ కాంట్రాక్ట్ పెళ్లిళ్ల ముఠా కేసులో ఒమన్, ఖతర్ దేశస్థులను హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు. మైనర్ అమ్మాయిల జీవితాలతో ఆడుకున్నారన్న ఆరోపణలు చిన్నవి కావు. అయినా వాళ్లకూ ఎంబసీ హక్కు ఉంటుంది, ఉండాలి. ఇక్కడ మనం ఇచ్చే మర్యాదే, అక్కడ మనవాడి కోసం అడిగేటప్పుడు మన బలం.

ఏ రికార్డులోనూ లేని జైలు

ఇంకో నిర్బంధం ఉంది. దానికి కేసు నంబర్ ఉండదు, జాబితాలో పేరు ఉండదు. ఇంటిపనికని వెళ్లి ఒక ఇంట్లోనే బందీలైన మహిళలు. పాస్‌పోర్టు, ఫోన్ యజమాని దగ్గరే ఉంటాయి. గల్ఫ్ దేశాల్లో యజమాని పాస్‌పోర్టు లాక్కోవడం అక్కడి చట్టాల ప్రకారమే తప్పు. పదో తరగతి పాస్ కాని, అంటే ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్ అలాంటిదే. ఈ రూల్‌ను దాటేయడానికే ఏజెంట్లు విజిట్ వీసా దారి చూపిస్తారు. అలా వెళ్లినవాళ్ల పేరు ఈ-మైగ్రేట్ రికార్డుల్లోకి ఎక్కదు. ఆపద వస్తే వెతకడం కష్టం.

పాతబస్తీ నుంచి ఇలాంటి మహిళల వీడియోలు బయటికొచ్చినప్పుడు మజ్లిస్ బచావో తహ్రీక్ నేత అంజద్ ఉల్లా ఖాన్ విదేశాంగ మంత్రికి లేఖలు రాయడం, సోషల్ మీడియాలో ఎంబసీని ట్యాగ్ చేయడం మనం చూస్తూనే ఉన్నాం. అలా కొందరు బయటపడ్డారు కూడా. అయితే జాగ్రత్త! యజమాని ఇంట్లో ఉండగానే వీడియో వైరల్ అయితే ఆమెకే ప్రమాదం. ముందు ఎంబసీకి లొకేషన్, యజమాని వివరాలు పంపాలి.

కుటుంబం చేయాల్సిన పనులు.. ఒక్కొక్కటిగా

1. వెళ్లకముందే కాగితాలు దాచుకోండి. పాస్‌పోర్టు, వీసా, అకామా, కాంట్రాక్ట్, ఏజెంట్‌కు డబ్బు కట్టిన రసీదు.. అన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కంపెనీ పేరు, కఫీల్ నంబర్, రూమ్‌మేట్ నంబర్ కూడా.

2. లోపలున్న మనిషికి రెండు మాటలు నేర్పండి. ‘సిఫారా హిందియా’ అంటే భారత ఎంబసీ. ‘ముతర్జిమ్’ అంటే దుబాసీ. చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టే ముందు దుబాసీని అడగాలి. తన వివరాలు ఎంబసీకి ఇవ్వొచ్చని అక్కడి అధికారులకు చెప్పాలి, కాగితం ఇస్తే రాసివ్వాలి.

3. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన పోర్టల్ ఇది. ఫిర్యాదు నంబర్ వస్తుంది. ఆ తర్వాత ఎవరికి లేఖ రాసినా ఆ నంబర్ వేయండి.

4. ఫోన్ చేయండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800-11-3090.

5. హైదరాబాద్‌లోనే దారులున్నాయి. బేగంపేట ప్రజాభవన్‌లో ప్రజావాణి జరిగే మంగళ, శుక్రవారాల్లో గల్ఫ్ బాధితుల కోసం ‘ప్రవాసీ ప్రజావాణి’ కౌంటర్ ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. సచివాలయంలోని ఎన్నారై విభాగం, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు కూడా ఉన్నాయి. ఎంపీ రాసే లేఖకు విదేశాంగ శాఖ దగ్గర విలువ ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు.

6. ఏజెంట్ మోసం చేస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. లైసెన్స్ లేకుండా విదేశాలకు పనివాళ్లను పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

7. ఆమ్నెస్టీ వస్తే వదులుకోవద్దు. గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడూ ఖల్లివెల్లి కార్మికులు జరిమానా లేకుండా వెళ్లిపోయే అవకాశం ఇస్తాయి. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు ఇచ్చింది. గడువు ముగిశాక దొరికితే మళ్లీ జరిమానా, తర్హీల్, బ్యాన్ తప్పవు.

చివరగా ఒక్క మాట. విదేశీ జైల్లో ఉన్న మనిషి మొదటి హక్కు విడుదల కాదు.. తాను అక్కడ ఉన్నానని తన దేశానికి తెలియడం. ఆ సమాచారం ఎంబసీకి ఎంత త్వరగా చేరితే, లాయర్, దుబాసీ, మందులు, అప్పీల్ గడువు అన్నీ అంత త్వరగా చేతికందుతాయి. ఇంటి మనిషి గల్ఫ్‌కు బయల్దేరే ముందు ఈ కథనం అతనికి ఒకసారి వాట్సాప్ చేయండి. అవసరం రాకపోతే మంచిదే. వస్తే మాత్రం ‘సిఫారా హిందియా’ అన్న మాట గుర్తుండాలి.